టోపీ మేడకు నాలుగో వైపు

సీతమ్మధారలో ఆ వీధికి ఒక పేరుంది, ఇళ్ళకు నంబర్లున్నాయి. కానీ ఇప్పుడు ఎవరిని దారి అడిగినా "టోపీ మేడ పక్కన" అనో, "టోపీ మేడ దాటాక" అనో చెబుతారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, వీధిలో ఇళ్ళన్నీ పైన చదునైన డాబాలతో ఉంటే గురునాథరావు ఇంటి నెత్తిన మాత్రం పెద్ద బూడిదరంగు కప్పు కూర్చుని ఉంటుంది. గోడలు ఆగిన చోట మొదలై, నాలుగు వైపులా దాదాపు నిటారుగా లేచి, ఆపైన వెనక్కి వాలి, మధ్యలో కలుసుకుంటుంది. ఆ నిటారు భాగంలోంచి కిటికీలు ముందుకు పొడుచుకొచ్చి, వాటికి మళ్ళీ చిన్న చిన్న కప్పులు. ఫ్రాన్సు దేశంలో ఇలాంటి కప్పును మాన్సర్డ్ అంటారని గురునాథరావు అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పాడు. మాన్సర్డ్ అనడానికి నోరు తిరక్క వీధి దాన్ని టోపీ అంది. కట్టినవాడెవడో ఈయనకే టోపీ పెట్టాడని కూడా అనుకుని నవ్వుకుంది. ఇతరుల ఇళ్ళ మీద నవ్వుకోవడంలో మనవాళ్ళకున్న శ్రద్ధ సొంత ఇళ్ళు కట్టుకోవడంలో ఉంటే ఊరు ఇలా ఉండేది కాదు. అది వేరే సంగతి.

గురునాథరావు ఆనందపురం దగ్గర కూరగాయలు పండించుకునే ఇంట్లో పుట్టి, సరుకు ఓడల్లో ఇంజన్ రూమ్ ఫిట్టరుగా పని చేసి రిటైరైనవాడు. వయసులో ఉండగా ఒక చలికాలం అతని ఓడ ఫ్రాన్సులోని డంకర్క్ రేవులో చాలా రోజులు ఆగిపోయింది. డ్యూటీ లేనప్పుడు ఊళ్ళోకి నడిచి వెళ్ళేవాడు. తెలిసినవాడు లేడు, భాష రాదు, చలికి చెవులు తెగి పడతాయేమో అనిపించేది. సముద్రం పక్క వీధిలో అలాంటి కప్పున్న ఇల్లొకటి ఉండేది. చీకటి పడేసరికి కప్పులోని కిటికీలో దీపం వెలిగేది. తెల్లజుట్టున్న ఒకావిడ ఆ కిటికీలో నిలబడి వీధిలోకి చూస్తుండేది. ఇంటినిండా మనుషులు ఎక్కువైపోయి చోటు చాలక కప్పులోకి కూడా ఎక్కేశారు కాబోలు అనుకున్నాడు గురునాథరావు. ఎంత సందడి ఇల్లో అనుకున్నాడు. కట్టుకుంటే అలాంటి ఇల్లే కట్టుకోవాలనుకున్నాడు. ఓడలో ఒంటరిగా పడున్నవాడికి ఎదుటివాడి కిటికీలో దీపం కనిపిస్తే ఇలాంటి ఆలోచనలే వస్తాయి.

ఆ మాట ఫోనులో భార్య నూకాలుతో చెబితే ఆవిడ తేలిగ్గా కొట్టిపారేసింది. డాబా లేకపోతే వడియాలు ఎక్కడ పెట్టుకుంటామని అడిగింది. అంతటితో ఆ ప్రస్తావన ఆగింది.

నూకాలు అన్న ఎల్లారావు. స్టీల్ ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేసు దగ్గర పని చేసినవాడు. చెల్లెలి మొగుడు ఏడాదిలో ముప్పాతిక భాగం సముద్రం మీదే ఉంటాడు కాబట్టి ఆవిడ కళ్ళెదుట ఉంటే మంచిదని, రెండు స్థలాలూ పక్కపక్కన కొనిపించి, రెండిళ్ళూ ఒకే గోడతో కట్టించింది అతనే. పైన రెండు డాబాల మధ్య మోకాలెత్తు పిట్టగోడ ఒక్కటే అడ్డు. దాన్ని ఎవరూ అడ్డుగా లెక్కపెట్టలేదు. ఎల్లారావు భార్య బతికున్నన్నాళ్ళూ వదినా మరదళ్ళు ఆ పిట్టగోడ మీదనే అటొక కాలూ ఇటొక కాలూ వేసుకుని కూర్చుని చింతపండు పిక్క తీసేవారు. తరవాత ఆవిడా పోయింది, నూకాలూ పోయింది. నూకాలుకు జ్వరం ఎక్కువైన వారం గురునాథరావు నడిసముద్రంలో ఉన్నాడు. దిగి వచ్చేసరికి దినం కూడా అయిపోయింది. ఆసుపత్రికి మోసింది, తలకొరివి పెట్టింది, భోజనాలు పెట్టింది అంతా ఎల్లారావే. వచ్చినవాణ్ణి ఒక్క మాట అనలేదు. సాయంత్రం డాబా మీదకి తీసుకెళ్ళి, పక్కన కూర్చోబెట్టుకుని, స్టీలు గ్లాసులో టీ సగం పోసిచ్చాడు.

పిల్లలు లేని గురునాథరావుకు ఆనాటినుంచి ఆ డాబాయే లోకం. పొద్దు వాలగానే ఎల్లారావు లుంగీ ఎత్తికట్టి పిట్టగోడ దాటి వచ్చేవాడు. రమ్మని పిలిచేవాళ్ళు లేరు, వస్తున్నానని చెప్పడం లేదు. తూర్పునుంచి సముద్రం గాలి వచ్చేది. ఇద్దరూ గచ్చు మీద చాపేసుకుని, వీపు పిట్టగోడకి ఆన్చి కూర్చునేవారు. మాట్లాడితే మాట్లాడేవారు, లేకపోతే లేదు. జీవితమంతా కొలిమి ముందు కాలినవాడు కాబట్టి గాలి తగలగానే ఎల్లారావు కళ్ళు మూసుకునేవాడు. చుట్టూ ఉన్న డాబాల మీద ఎవరో బట్టలు తీసేవారు, ఎవరో పిల్లల్ని తిట్టేవారు, ఎవరో ఇటు తిరిగి కూరేం వండారని అడిగేవారు. కింద వీధిలో ఎదురైతే తల పంకించి పోయేవాళ్ళు కూడా డాబా ఎక్కితే మాట్లాడతారు. ఇది వైజాగ్‌లో ఎవరూ రాసి పెట్టని పద్ధతి.

మరి ఇంత సుఖంగా ఉన్నవాడికి ఆ డాబా ఎందుకు పడగొట్టాలనిపించింది? కడుపు నిండినవాడికి కూడా ఒక్కోసారి పాత ఆకలి గుర్తొస్తుంది. ఒక వానాకాలం ఎల్లారావుకు వానలో తడిసి దగ్గు పట్టుకుంది, పదిహేను రోజులు డాబా ఎక్కలేదు. ఆ పదిహేను రోజులూ గురునాథరావుకు తోచలేదు. ఎండైతే కూర్చోలేం, వానైతే కూర్చోలేం, మనుషులు కూర్చోడానికి గది కావాలి అనుకున్నాడు. డంకర్క్ ఇల్లు మళ్ళీ కళ్ళముందుకొచ్చింది. పైన మంచి గది కట్టి, రెండు పేము కుర్చీలేసి, చుట్టూ కిటికీలు పెడితే బావ పన్నెండు నెలలూ వచ్చి కూర్చుంటాడు. గది పూర్తయ్యాక చూపించి ఆశ్చర్యపరచాలని ఒక్క ముక్క ముందు చెప్పలేదు. ఎవరి కోసం కడుతున్నాడో ఆ మనిషిని అడగకుండా కట్టాడు. మూర్ఖత్వం అంటే వేరే ఎక్కడో ఉండదు.

గాజువాక ఆటోనగర్‌లో ఫ్యాబ్రికేషన్ షెడ్డున్న జాన్‌బాబుకి పని ఒప్పజెప్పాడు. కప్పు మొత్తం ఇనుప ఫ్రేము, పైన పలకల్లా అచ్చు వేసిన రంగు రేకు. హుద్‌హుద్ నాటి సంగతులు గుర్తున్న జాన్‌బాబు తుఫానుకు లేవకుండా బోల్టులు రెట్టింపు వేశాడు. తూర్పున, ఉత్తరాన, దక్షిణాన కిటికీలు గీసుకున్నాక పడమటి వైపు ఎన్ని పెట్టమంటారని అడిగాడు. పడమటి వైపు ఎల్లారావు డాబా. ఎల్లారావు కోడలు ఆశాజ్యోతి రోజూ అక్కడే బట్టలారేస్తుంది, తలంటుకున్న రోజు జుట్టు విరబోసుకుని కూర్చుంటుంది. ఒంటరి మగవాడి గదికి అటువైపు కిటికీ ఏమిటి, చూసినవాళ్ళు ఏమనుకుంటారు అనుకుని, అటు వద్దు మూసెయ్యమన్నాడు గురునాథరావు. ఆ ఆడపిల్ల మర్యాద కాపాడానన్న తృప్తి కూడా అతనికి కలిగింది.

పిట్టగోడ పగలగొట్టిన రోజున ఎల్లారావు తన డాబా మీద నిలబడి చూశాడు. ఏం కడుతున్నావని అడిగితే చూద్దువుగానిలే అన్నాడు గురునాథరావు. "మంచిదే బావా" అని ఎల్లారావు కిందికి దిగిపోయాడు.

ఫాల్గుణంలో పాలు పొంగించారు. వీధంతా వచ్చి, పైకెక్కి, కిటికీల్లోంచి తలలు పెట్టి చూసి, ఫొటోలు తీసుకుని, భోంచేసి వెళ్ళింది. ఎల్లారావు కూడా వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, వీధి గుమ్మంలోంచి, చెప్పులు మెట్ల దగ్గర విడిచి వచ్చాడు. పేము కుర్చీలో అంచున కూర్చున్నాడు. బాగుందన్నాడు. మళ్ళీ అదే మాట ఇంకోసారి అన్నాడు. గురునాథరావు కప్పూ సాసరూ పట్టుకొచ్చి కాఫీ ఇస్తే తాగి, కప్పు ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తోనే పట్టుకుని, కాసేపాగి వస్తానని లేచాడు. తరవాత ఒకటి రెండుసార్లు అలాగే వచ్చాడు. ప్రతిసారీ ఇస్త్రీ చొక్కా. మునుపు పొద్దుపోయేదాకా లేవమన్నా లేవనివాడు ఇప్పుడు గోడ గడియారం చూసుకున్నాడు. రెండిళ్ళూ కట్టించిన బావ తన ఇంట్లో చుట్టమై కూర్చున్నాడని గురునాథరావుకు లోలోపల తెలిసింది గానీ, కొత్త గది కదా, అలవాటు కావాలిలే అని సర్దుకున్నాడు. ఆ తరవాత ఎల్లారావు రావడం మానేశాడు.

వేసవి వచ్చింది. మధ్యాహ్నం వేళ గదిలో నిలబడితే ఉడికిపోయేలా ఉండేది. సాయంత్రం గురునాథరావు కిటికీలు తెరిచి, రెండు కుర్చీలూ తుడిచి, ఒకదాంట్లో కూర్చుని రెండోదాన్ని చూస్తుండేవాడు. చుట్టూ డాబాల మీద మనుషులు కనిపించేవారు. మొదట్లో చెయ్యెత్తి పలకరించాడు. వాళ్ళూ చెయ్యెత్తారు. తరవాత ఇటు తిరగడం తగ్గించారు. డాబా మీది మనిషితో ఎవరైనా మాట్లాడతారు గానీ, కిటికీలోంచి చూసే మనిషితో ఏం మాట్లాడతారు? పైపెచ్చు ఆడవాళ్ళు కొంగు సర్దుకోవడం మొదలుపెట్టారు. ఆ మాత్రం గ్రహించలేనివాడు కాదు కాబట్టి అతను కుర్చీని కిటికీకి దూరంగా జరుపుకున్నాడు.

ఒకరోజు పొద్దు గుంకాక లైటు వేసి, కిటికీ మూయబోతూ ఆగాడు. వీధిలో వెళుతున్న ఎవరో కుర్రాళ్ళు తలెత్తి అతన్నే చూస్తున్నారు. తెల్లజుట్టుతో, కప్పులోని కిటికీలో, దీపం వెనకేసుకుని నిలబడ్డ మనిషి. అప్పుడు తట్టింది అతనికి. డంకర్క్‌లో అన్ని సాయంత్రాలు చూశాడు గదా, ఆ కిటికీలో ఆవిడ తప్ప రెండో మనిషిని ఎన్నడైనా చూశాడా? చూడలేదు. ఆ ఇల్లు నిండా మనుషులున్నారని తనకు ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. పరాయి దేశపు ముసలావిడ ఒంటరితనాన్ని సందడనుకుని, ఇన్నేళ్ళు దాచుకుని, ఇనుముతో సహా కొనుక్కుని నెత్తిమీద పెట్టుకున్నాడు. చేసుకున్నవాడికి చేసుకున్నంత. కుర్చీలో కూలబడి చాలాసేపు లేవలేదు. నూకాలు పోయినప్పుడు కూడా ఇంత ఒంటరిగా లేడు, అప్పుడు పక్కన బావ ఉన్నాడు.

అయినా పక్కింటికి వెళ్ళలేదు. వెళ్ళి ఏమని అడగాలి? ఎందుకు రావడం లేదని అడిగితే తేలికైపోతానేమో అనుకున్నాడు. అతనే రావాలి, ఎప్పుడూ అతనే కదా వచ్చేవాడు అనుకున్నాడు. నిజానికి ఇన్నేళ్ళలో తను ఆ గోడ దాటి అటు వెళ్ళిన రోజులు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. అది అతనికి అప్పటికి తోచలేదు.

జ్యేష్ఠంలో ఒక పొద్దున జాలరిపేటనుంచి చేపలు తెచ్చే జోగమ్మ గంప గుమ్మంలో దించి, కవ్వల్లనే చిన్న చేపలు తూచుతూ, ఒక ఇంటి బేరం పోతోందని విచారపడింది. ఏమైందంటే, ఎల్లారావుగారు ఇల్లు అపార్టుమెంటు కట్టేవాళ్ళకి ఇచ్చేశారని, కొడుకు సాయిశంకర్ ఆనందపురం జంక్షన్‌లో షాపు పెట్టుకున్నాడు గనక అందరూ అక్కడికే పోతున్నారని, ఆషాఢం పోగానే సామాన్లు కట్టేస్తారని చెప్పింది. పక్కనే ఉన్నారు గదా, మీకు తెలీదేటి అని ఆశ్చర్యపోయింది. తెలుసన్నాడు గురునాథరావు. చేపలు తీసుకుని లోపలికి వెళ్ళాడు గానీ ఆ రోజు వండలేదు. ముప్పై ఏళ్ళు ఒకే గోడకి అటూ ఇటూ పడుకున్న మనిషి ఊరు వదిలి పోతున్న సంగతి చేపలమ్మే మనిషి నోట వినాల్సి వచ్చింది. కోపం వచ్చింది, ఏడుపొచ్చింది, రెండింటిలో ఏది ముందో తెలియలేదు. బావ వెళ్ళిపోతే ఇక ఈ వీధిలో తనను నువ్వు అని పిలిచేవాళ్ళు ఒక్కరూ మిగలరు. మధ్యాహ్నం దాకా ఆగి, ఇక ఆగలేక చెప్పులేసుకుని బయల్దేరాడు.

ఎల్లారావు ఇంటి వీధి గుమ్మంలో నిలబడితే కాలింగ్ బెల్ ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. ఆశాజ్యోతి తలుపు తీసి, రండి మావయ్యగారూ అని లోపలికి పిలిచింది. హాల్లో అప్పుడే కొన్ని అట్టపెట్టెలు కట్టి ఉన్నాయి. మావగారు డాబా మీద ట్యాంకు దగ్గర ఏదో చేసుకుంటున్నారంది. గురునాథరావు మెట్లెక్కాడు. పైకి వచ్చి అటు తిరిగేసరికి అడుగు ముందుకు పడలేదు.

కప్పు కట్టాక దాన్ని అతను వీధిలోంచి చూసుకున్నాడు, ఎదుటి సందులోంచి చూసుకున్నాడు, ఫొటోల్లో చూసుకున్నాడు. ఇటునుంచి ఎన్నడూ చూడలేదు. పిట్టగోడ ఉండాల్సిన చోట రేకుల గోడ నిలబడి ఉంది. మూడు నిలువుల ఎత్తు, ఈ చివరినుంచి ఆ చివరిదాకా, ఒక్క సందు లేదు. పడమటి ఎండ దానికి తగిలి తిరిగి డాబా మొత్తం మీద పడుతోంది. గచ్చు మీద కాలు పెట్టలేకుండా ఉంది. తూర్పు గాలి అన్నది లేదు. మొక్కల కుండీలు మూలకి చేర్చి ఉన్నాయి, వాటిలో మొక్కలు మాడిపోయి ఉన్నాయి. బట్టలారేసే తీగ విప్పేసి ఇంటికి అవతలి పక్క కట్టుకున్నారు. ఏ ఆడపిల్ల బట్టల కోసమని అతను కిటికీ మూయించాడో ఆ పిల్ల ఇక్కడికి రావడమే మానేసింది.

ఎల్లారావు ట్యాంకు నీడలో బనీనుతో కూర్చుని వాల్వు విప్పుతున్నాడు. బావను చూసి లేచి, చొక్కా కోసం అటూ ఇటూ చూశాడు. ఆ వెతకడం గురునాథరావుకు చురుక్కుమంది. చొక్కా వద్దన్నాడు. పక్కనే నీడలో చతికిలబడ్డాడు.

"ఎల్లిపోతన్నావంట" అన్నాడు గురునాథరావు.

"ఆషాడం ఎల్లనీ" అన్నాడు ఎల్లారావు వాల్వు మీదనుంచి కళ్ళెత్తకుండా.

చెప్పలేదేమని అడిగాడు. నువ్వు కట్టేముందు చెప్పావా అని అడుగుతాడేమో అనుకున్నాడు, కానీ ఎల్లారావు ఆ మాట అనలేదు. కొడుకు చాన్నాళ్ళుగా పోరుతున్నాడని, బిల్డరు ఎప్పటినుంచో తిరుగుతున్నాడని చెప్పాడు. గురునాథరావు రేకు గోడను చూస్తూ, ఇంత ఎండ పడుతుందని తనకు తెలియదని, ఒక్క మాట చెప్పి ఉంటే ఏదో ఒకటి చేయించేవాణ్ణని అన్నాడు. ఎల్లారావు రెంచి కింద పెట్టాడు.

"ఎండ సంగతి నాకు సెప్పకు బావా. నాను ఫర్నేసు ముందర ముసిలోణ్ణయినోణ్ణి. అడక్కుండా పడగొట్టేవు. పోన్లే, ఇల్లు నీది. గాలి ఆగిపోయింది. పోన్లే, ఫేనుంది. అన్ని పక్కలకీ కిటికీలెట్టుకుని మా పక్కే మూయించీసేవు సూడు, అది తగిలింది నాకు. ఊరందరికీ మొకం సూపించి నాకు ఈపు సూపించేవు."

గురునాథరావు తెల్లబోయాడు. ఇన్ని నెలలు ఇంత చిన్న సంగతి ఇంత పెద్దదై ఈ గోడకి ఇవతల కూర్చుని ఉందని అతను కలలో కూడా అనుకోలేదు.

"అది కాదు బావా. మీ కోడలు బట్టలారేసుకుంతాది. పిల్ల ఇబ్బంది పడతాదని. నానొక్కణ్ణీ ఉండే గది, ఇటేపు కిటికీ ఎడితే బాగోదని."

ఎల్లారావు అతని మొహంలోకి చాలాసేపు చూశాడు. అబద్ధం కాదని తెలిసినట్టుంది. తెలిశాక ఇంకా బాధపడ్డట్టు కనిపించాడు.

"ఆ పిల్లని సూడ్డానికి నాతో పెళ్ళిసూపులకి ఒచ్చింది ఎవలు? నువ్వు కాదేటి? నువ్వు బాగుందంటేనే గదా తాంబూలాలు పుచ్చుకున్నాను. మాయింటి ఆడోళ్ళకి నువ్వెప్పట్నుంచి పరాయోడివైపోనావు? పరాయోళ్ళకి సేసీ మర్యాద మాకు సేసేవేటి బావా?"

తను చేసినదాంట్లో ఆ కిటికీ మూయించడం ఒక్కటే నూటికి నూరు పాళ్ళూ సరైన పని అనుకున్నాడు ఇంతకాలం. సంతకం వెనక్కి తీసుకోలేవా అని అడిగాడు. అడిగాక, సిగ్గు విడిచి, నువ్వెళ్ళిపోతే నాను ఉండలేను బావా అని కూడా అన్నాడు.

ఎల్లారావు అడ్డంగా తలూపాడు. "నీ డాబా ఉన్నన్నాళ్ళూ ఆ బిల్డరు ఎన్నిసార్లు అడిగినా నాను సంతకం ఎట్టనేదు. ఇంక దేనికోసరం ఆగాలనిపించి ఎట్టీసేను. అయిపోయింది."

ఆశాజ్యోతి టీ పట్టుకొచ్చింది. ట్రేలో రెండు కప్పులు. ఎల్లారావు ఒకటి తీసి బావ చేతికిచ్చాడు. ఇద్దరూ ట్యాంకు నీడలో కూర్చుని, రేకు గోడ వైపు చూస్తూ తాగారు. కప్పు మంచిదే, టీ కూడా బాగానే ఉంది, గురునాథరావుకు మాత్రం ఏ రుచీ తెలియలేదు. వెళ్ళొస్తానని లేచినప్పుడు ఎల్లారావు మెట్లదాకా వచ్చి సాగనంపాడు. సాగనంపాల్సిన అవసరం ఇన్నేళ్ళలో ఎప్పుడూ రాలేదు.

మర్నాడు పొద్దున్నే జాన్‌బాబుకి ఫోను చేశాడు. పడమటి వైపు కిటికీ కోయాలన్నాడు. జాన్‌బాబు కటింగ్ మిషను పట్టుకుని వచ్చాడు గానీ, పైకెక్కి చూసి మనిషికి మతి పోయిందేమో అన్నట్టు నసిగాడు. వానలు పడబోతున్నాయి, ఇప్పుడు రేకు కోస్తే కారుతుంది. పైగా పక్కిల్లు అపార్టుమెంటుకి ఇచ్చేశారని వీధంతా చెప్పుకుంటున్నారు, రేపు అయిదంతస్తుల గోడ సరిగ్గా ఈ కిటికీకి ఎదురుగా లేస్తుంది. ఏం చూస్తారు సార్, సిమెంటు చూస్తారా అని అడిగాడు. ఆషాఢం ఇంకా మొదలు కాలేదు, ఆ నెల నిండేదాకా వాళ్ళుంటారని చెప్పాడు గురునాథరావు. నెల రోజుల కిటికీయా అన్నాడు జాన్‌బాబు. "నెలైతే నెలే. కొయ్యి" అన్నాడు గురునాథరావు.

ఇంకేం అనలేక జాన్‌బాబు మిగతా కిటికీల కొలత చూసుకుని, లోపలి పలక విప్పి, రేకు మీద ఛాతీ ఎత్తున సుద్దతో గీత గీశాడు. మిషను ఒక్కసారి తిప్పి చూశాడు. ఆ రొద ఆగగానే రేకు మీద చప్పుడైంది. అవతలినుంచి ఎవరో వేళ్ళతో కొడుతున్నారు.

గురునాథరావు వెళ్ళి రేకుకి చెవి ఆన్చాడు. ఏం చేయిస్తున్నావని అవతలినుంచి ఎల్లారావు గొంతు అడిగింది. ఛాతీ ఎత్తున కిటికీ పెట్టిస్తున్నానన్నాడు. పొద్దుటి పూట గనక రేకు ఇంకా చల్లగానే ఉంది. ఎల్లారావు వెళ్ళిపోయాడేమో అనుకున్నాడు. ఎందుకిప్పుడు ఈ ఖర్చు అంటాడేమో అనుకున్నాడు. జాన్‌బాబు మిషను చేత్తో పట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

మళ్ళీ చప్పుడైంది. ఈసారి ఛాతీ ఎత్తున కాదు, గీతకు బాగా కిందుగా, దాదాపు నేల దగ్గర.

"అంత ఎత్తునెందుకు బావా, నిలబడి సూడ్డానికి నానేటి పోలీసోణ్ణా? ఇక్కడికి దింపమను. కూకుంటే కనపడాల."

గురునాథరావు నేల మీద కూర్చున్నాడు. పేము కుర్చీ పక్కనే ఉంది, దాన్ని కాలితో అవతలికి తోశాడు. చప్పుడు వస్తున్న చోట అరచెయ్యి ఆన్చాడు. అవతల ఎల్లారావు కూడా గచ్చు మీద గోనె ఏదో వేసుకుని కూర్చుంటున్న అలికిడి వినిపించింది. ఎక్కడ కోయాలి సార్ అని జాన్‌బాబు అడిగాడు.

గురునాథరావు చెయ్యి తియ్యకుండా, ఇక్కడ అన్నట్టు తలూపాడు.